మునసబు గారు చూసిన ఫిల్ము

మా లంక మునసబు గారు పోయారన్న కబురు తాడేపల్లిగూడెం బజారులో తుంగచాపలు అమ్మే మనిషి చెప్పాడు. బేరం మధ్యలో ఆగి, "మీకు తెలీదేమోనండి మాస్టారూ, మన మునసబు గారు పోయారండి, మొన్న ఆదివారం," అన్నాడు. కడుపులో నొప్పని మూడు రోజులు మెలికలు తిరిగారట. ఏలూరు నుంచి వచ్చిన డాక్టరు పొట్ట నొక్కి, నాలుక చూసి, ఇదీ అని ఇప్పుడే చెప్పలేను, ఆస్పత్రికి తీసుకొస్తే చూద్దాం అన్నాడట. "చూసేదేముంది, పైత్యం. తేలిపోయింది," అని మునసబు గారు మంచం పట్టె మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, గోడవైపు తిరిగి పడుకున్నారట. మర్నాటికి లేరు.

నాకు నవ్వొచ్చింది. చావు కబురు విని నవ్వకూడదని తెలుసు. కానీ చెప్పినవాడే నవ్వు ఆపుకోలేక చాపలు అటూ ఇటూ సర్దుతున్నాడు. ఆ నవ్వు ఇంటికి వచ్చేదాకా ఉంది. కొన్న చాప పరుచుకుని కూర్చున్నాక పోయింది. ఆయనా నేనూ కలిసి చేసిన ఒక పని గుర్తొచ్చి పోయింది. అది చెప్పాలంటే ఆయన ఎలాంటివారో ముందు చెప్పాలి.

నేను ఆ లంకకి మిషను బడి మాస్టరుగా వెళ్ళినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. చుట్టూ కొల్లేరు, మధ్యలో వంద గడపల ఊరు. అందులో పెత్తనమంతా మునసబు గారిది. శిస్తు ఆయనే వసూలు చేసేవారు. చిన్నాచితకా తగాదాలు ఆయనే తీర్చేవారు. ఎవరైనా మామూలుగా కాకుండా చచ్చిపోతే శవపంచాయతీ జరిపి పోలీసులకి రిపోర్టు పంపేదీ ఆయనే. పొట్టి మనిషి, పెద్ద చెవులు, పంచె మీద నల్లకోటు. అరుగు మీద ఆయన కుర్చీకి కుడి చెయ్యి బాగానే ఉండేది, ఎడమ చెయ్యి మాత్రం అరిగి నునుపు తేలింది. తీర్పు చెప్పాక ఆ ఎడమ చేతి మీద రెండు దెబ్బలు వేసి "తేలిపోయింది" అనేవారు. దాని మీద అప్పీలు లేదు.

నాలుగేళ్ళలో ఆయన నోట "తెలీదు" అన్న మాట నేను వినలేదు. మండవల్లి వైపు మబ్బు పట్టిందని జనం గడ్డివాములు కప్పుకుంటుంటే, "ఇవాళ వాన రాదు, పోండి" అన్నారొకసారి. పావుగంటలో కుండపోత. ఆయన అరుగు దిగి వీధిలో నిలబడి, కోటు తడిసి ఒంటికి అంటుకుపోతుంటే, "ఇది వాన కాదు, జల్లు," అన్నారు. ఇంకోసారి ఇద్దరు తాటిదోనెల మీద పక్కపక్కనే వస్తుంటే, ఒకడు పట్టిన కొరమీను ఎగిరి రెండోవాడి దోనెలో పడింది. తగాదా అరుగు మీదికి వచ్చింది. "పట్టినవాడి దగ్గర అది ఉండనంది. ఉన్నచోటివాడు దాన్ని పట్టలేదు. కాబట్టి అది ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిది సర్కారుది. ఇక్కడ సర్కారెవరు?" అన్నారు. ఆ సాయంత్రం మునసబు గారింటి పులుసు వాసన ఊరంతా వచ్చింది.

మా వైపు అండీ లేకుండా మాట కదలదు కదా. మునసబు గారు మాత్రం పై అధికారులతో తప్ప ఆ మాటని దాచుకుని వాడేవారు. మామూలుగా అందరినీ ఒరేయ్, ఏమే, ఏమయ్యా అనేవారు. అలా పిలిచినంతసేపూ మనకి భయం లేదన్నమాట. ఎవరి మీదైనా నేరం తేల్చేశాక మాత్రం ఆయన గొంతు వెన్నలా మెత్తబడేది. "ఏవండీ, తమరే కదండీ ఆ గేదెని తోలుకుపోయింది?" అనేవారు. ఆ అండీ వినపడగానే ముద్దాయి అరుగు కింద సాగిలపడేవాడు. ఒకనాడు ఆవకాయలో ఉప్పెక్కువైందని భార్యని "ఏవండీ" అన్నారట. ఆవిడ ఆ పూటే కలిదిండిలో ఉన్న పుట్టింటికి పోయి నెలరోజులు రాలేదు.

నన్ను ఆయన దగ్గరికి తీసినందుకు కారణం నా ఇంగ్లీషు. తాలూకా కచేరీ నుంచి వచ్చే ఇంగ్లీషు కాగితాలు చదివి చెప్పడానికి లంకలో నేను తప్ప ఎవరూ లేరు. నేను స్కూల్ ఫైనలు తప్పానని ఆయనకి తెలుసు. ఇంగ్లీషులోనే తప్పానని నేను చెప్పలేదు.

ఒక ఎండాకాలం ఆయనకి ఏలూరు కచేరీలో పనిపడి నన్నూ వెంటబెట్టుకు వెళ్ళారు. పని మధ్యాహ్నానికే అయిపోయింది. బజారులో ఫిల్ము బండి డప్పు కొట్టుకుంటూ పోతోంది. బండి మీద బొమ్మలో ఒక దొరసాని పడవలో నిలబడి ఉంది. "పడవ గురించి మనకి తెలియంది ఏం తీశాడో చూద్దాం," అన్నారు మునసబు గారు. సాయంత్రం ఆటకి కుర్చీల్లో కూర్చున్నాం. ఇంకా టాకీలు రాని రోజులు. తెర కింద ఒకాయన హార్మోనియం వాయిస్తుంటే, బొమ్మల మధ్య ఇంగ్లీషు అక్షరాలు పడుతుంటే, నేను అవి చదివి ఆయన చెవిలో తెలుగులో చెప్పాలి. కాసేపటికి ముందు బెంచీలవాళ్ళు కూడా వెనక్కి తిరిగి నేను చెప్పేది వినడం మొదలెట్టారు. నాకు భలే గర్వంగా ఉంది.

కథ ఇది. కొండల మధ్య సరస్సు, ఒడ్డున మేడ. అందులో ఒక దొర, అతని పడుచు భార్య. తనని ఎవరో చంపబోతున్నారని దొరకి అనుమానం. కిటికీ అద్దం మీద ఒక చెయ్యి కనిపిస్తుంది. తలుపు తీసి చూస్తే ఎవరూ ఉండరు. మందు చేదుగా ఉందంటాడు. ఆవిడ అదే మందు ఒక చెంచా తాగి చూపిస్తుంది. ఆ చెయ్యి నిజంగా ఉందా, అతనికి మతి చలించిందా, లేక ఆవిడే అతన్ని పిచ్చివాణ్ణి చేస్తోందా అన్నది ఒకసారి ఇలా, ఒకసారి అలా అనిపించేట్టు తీశారు. మందు సీసా దగ్గరే మునసబు గారి గొంతు మెత్తబడింది. "ఏవండీ, ఆ చెంచా ముందే కడిగి ఉంచారు కదండీ?" అని తెర మీది దొరసానిని అడిగారు. ఆవిడ పని అయిపోయిందనుకున్నాను.

చివర ఆలుమగలిద్దరూ పడవెక్కి సరస్సు మీదికి వెళతారు. మంచు కమ్ముకుంటుంది. తెరంతా తెలుపు. హార్మోనియం ఆయన కూడా ఏం వాయించాలో తెలియక ఒకే స్వరం పట్టుకుని ఉండిపోయాడు. మంచు విడేసరికి పడవలో ఆవిడ ఒక్కతే ఉంది. నీళ్ళ మీద టోపీ తేలుతోంది. పోలీసులొచ్చి ఏదో అడుగుతారు. ఆవిడ వంచిన తల ఎత్తి సరిగ్గా మనవైపే చూస్తుంది. పెదవులు కదులుతాయి. నాలుగు ఇంగ్లీషు మాటలు పడ్డాయి, చదివేలోగా పోయాయి. దీపాలు వేసేశారు.

"ఏమందయ్యా?" అన్నారు మునసబు గారు.

బెంచీల మీది జనమంతా నావైపు చూస్తున్నారు. తెలియలేదు అనడానికి నోరు రాలేదు. "నేను వదిలేశాను అందండి," అన్నాను.

కుర్చీ చేతి మీద రెండు దెబ్బలు పడ్డాయి.

హాలంతా గోలగా ఉంది. ఇంతేనా బొమ్మ, ఇంకో రీలు దాచేశారు అని కొందరు అరుస్తున్నారు. ఒకాయన దొర పిచ్చెక్కి తనే దూకాడంటాడు. ఇంకొకాయన దొర చావలేదు, ఈదుకుంటూ అవతలి గట్టుకి చేరి దాక్కున్నాడంటాడు. మునసబు గారు కుర్చీ ఎక్కి నిలబడి, "గోల చెయ్యకండి. ఆవిడే చంపింది. తేలిపోయింది. ఇక ఇళ్ళకి పోండి," అన్నారు. చిత్రమేమిటంటే సగం మంది నిజంగానే లేచి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఆరు నెలలు మా లంకలో ఆ ఫిల్మే ఆడింది. సాయంత్రమైతే అరుగు మీద మునసబు గారు కథ చెప్పేవారు. చెప్పినకొద్దీ దొరసాని నేరం పెరిగింది. మొదట్లో చెయ్యి వదిలింది. దసరా నాటికి తోసింది. కార్తీకంలో తెడ్డుతో తల మీద కొట్టింది. కిటికీ మీది చెయ్యి కూడా ఆవిడదే అయింది. చివర ఆవిడ తల ఎత్తి చూసిన చూపుని ఆయన తన ముఖంతోనే చేసి చూపేవారు. గడ్డం రొమ్ముకి ఆనించి, చటుక్కున ఎత్తి, కళ్ళు గుండ్రంగా తిప్పేవారు. "తప్పు చేసిన ఆడదాని చూపు ఇలా ఉంటుంది, గుర్తు పెట్టుకోండి," అనేవారు. ఫిల్ము అన్నది ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకి కూడా ఆ చూపు కంఠతా వచ్చేసింది.

ఆ చలికాలంలోనే ఏసోబు నీళ్ళపాలయ్యాడు.

ఏసోబు మా ప్రార్థన మందిరానికి వచ్చే కూలి మనిషి. భార్య మరియమ్మతో కలిసి దోనె మీద వెళ్ళి కిక్కిస గడ్డి కోసుకొచ్చేవాడు. కల్లు తాగేవాడు, తాగినప్పుడు కొట్టేవాడు. ఒక పొద్దున్న ఇద్దరూ వెళ్ళారు, మధ్యాహ్నానికి మరియమ్మ ఒక్కతే బోల్తాపడిన దోనెని కావిలించుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మూడో రోజున శవం తేలింది.

శవపంచాయతీకి ఐదుగురు పంచాయతీదార్లు కావాలి. చదువుకున్నవాణ్ణి గనక నేనూ ఒకణ్ణి. శవం మీద దెబ్బ ఏదీ కనపడలేదు. మునసబు గారు మరియమ్మని పిలిపించారు. ఆవిడ తడి ఆరని చీరతోనే మూడు రోజులూ ఉన్నట్టుంది. తల వంచుకుని నిలబడింది.

"ఏం జరిగిందే?" అన్నారు మునసబు గారు.

"గాలొచ్చిందండయ్యా. దోనె తిరగబడిపోయింది. ఆడికి ఈత వొచ్చు, కానీ తాగున్నాడండి. చెయ్యందిచ్చాను, పట్టుకున్నాడు. నేను రెండో చేత్తో దోనె పట్టుకున్నాను. శానాసేపు పట్టుకున్నానండి."

"తరవాత?"

"తరవాత లేడండి."

"చెయ్యి జారిందా, నువ్వు వదిలేశావా?"

మరియమ్మ అప్పుడు తల ఎత్తింది. మునసబు గారి వైపు కాదు, నావైపు చూసింది. రోజూ వాళ్ళ పేటలో తిరిగేవాణ్ణి, ప్రార్థన చదివేవాణ్ణి, నాకు అర్థమవుతుందనుకుందో ఏమో. "నాకు తెలవదండి అయ్యగారూ. చెయ్యి తిమ్మిరెక్కిపోయింది. ఏళ్ళు నాయి కాదన్నట్టయిపోయాయి. జారిందో, నేనే వొదిలేశానో, ఎంత తలుచుకున్నా తెలవట్లేదండి," అంది.

మునసబు గారు ముందుకి వంగారు. గొంతు వెన్నలా అయిపోయింది.

"ఏవండీ మరియమ్మ గారూ," అన్నారు. "ఆ చూపు మేం ఇదివరకే చూశామండీ."

పంచాయతీదార్లలో మిగతా నలుగురూ తలలూపారు. ఆరు నెలలుగా అరుగు మీద ఆ చూపు చూసినవాళ్ళే. భార్యే భర్తని నీళ్ళల్లో వదిలేసిందని అనుమానంగా ఉందని కరణం గారు రిపోర్టు రాశారు. ముగ్గురు వేలిముద్ర వేశారు, ఒకాయన కూడబలుక్కుని తెలుగులో సంతకం చేశాడు. నేను ఇంగ్లీషులో చేశాను, చివర గీత కూడా గీశాను.

మర్నాడు పోలీసులు పడవేసుకొచ్చి మరియమ్మని ఏలూరు తీసుకుపోయారు.

ఇక ఏసోబు తల్లి. ముసలిది, ఎండిన తాటిమట్టలా ఉండేది. కోడల్ని తీసుకుపోయిన మర్నాడు పొద్దున్నే వచ్చి మునసబు గారి అరుగు ఎదురుగా వీధిలో చతికిలపడింది.

"ఏమే, ఇక్కడ కూర్చున్నావేం?" అన్నారాయన.

"కొడుకు నీళ్ళపాలయ్యాడండి. కోడల్ని తవరు పట్టించేశారు. ఇంటికాడ పోట్లాడ్డానికి నాకెవరూ లేరండి. అందుకని మీకాడికొచ్చానండి."

"నీ కొడుకుని చంపిందే అది! నీకు న్యాయం చేశాను నేను."

"ఆణ్ణి కన్నది నేనండి. ఆడు పోతే నాకంటే మీకెక్కువ బాధా అండి?"

"వాడు దాన్ని కొట్టేవాడా కాదా? అందుకే చంపింది. కారణం కూడా ఉంది."

"నన్నూ కొట్టేవోడండి. మరి నన్నెందుకు పట్టుకెళ్ళలేదండి?"

మునసబు గారు లేచి లోపలికి వెళ్ళారు. ముసలిది మధ్యాహ్నం దాకా కూర్చుని లేచిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. రోజూ వచ్చేది. ఆమెని వెళ్ళగొట్టమని తన కింద పనిచేసే వెట్టివాణ్ణి పంపితే వాడు ఆమె పక్కన కూర్చుని చుట్ట ముట్టించాడు. పదో రోజుకి మునసబు గారు అరుగు మీదికి రావడం మానేశారు. కొన్నాళ్ళు లంకలో తగాదాలన్నీ తీర్పు లేకుండానే అణిగిపోయాయి.

ఒకరోజు ఆమె మా బడికి వచ్చింది. గుమ్మంలో నిలబడి, "సంతకం పెట్టారంట గదండి అయ్యగారూ. తవరేం చూశారండి?" అంది.

"నేనేం చూడలేదమ్మా," అన్నాను.

"మరి?" అంది. ఆ ఒక్క మాటే అని వెళ్ళిపోయింది.

తర్వాత వారం మాస్టర్ల మీటింగుకి తాడేపల్లిగూడెం వచ్చాను. స్టేషను దగ్గర డేరా వేసి ఫిల్ము ఆడిస్తున్నారు. అదే ఫిల్ము, అదే దొరసాని. మీటింగు ఎగ్గొట్టి మధ్యాహ్నం ఆటకి వెళ్ళాను. నా పక్కన హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు ఒకాయన కూర్చున్నారు. ఆవిడ తల ఎత్తింది. నాలుగు మాటలు పడ్డాయి. ఈసారి కళ్ళార్పకుండా చదివాను. అది చెప్పిన మాట కాదు, అడిగిన మాట. మన భాషలో చివర ఒక దీర్ఘం పెడితే చాలు, మాట ప్రశ్న అవుతుంది. ఇంగ్లీషులో మొదటి రెండు మాటలూ తారుమారు చేస్తారు. నేను పరీక్ష తప్పింది ఇలాంటి చోటే. అయినా నమ్మలేక పక్కాయన్ని అడిగాను.

"నేను వదిలేశానా? అని అడుగుతోందండి," అన్నారాయన. "తనకే తెలీదన్నమాట. భలే తీశాడు కదండీ!"

ఆ సాయంత్రమే బయలుదేరి, మర్నాడు లంక చేరగానే మునసబు గారింటికి వెళ్ళాను. ఆయన పెరట్లో పళ్ళు తోముకుంటున్నారు. జరిగిందంతా చెప్పాను. నా ఇంగ్లీషు సంగతి కూడా చెప్పాను. దొరసాని ఒప్పుకోలేదు, అడిగింది అని చెప్పాను. రిపోర్టు వెనక్కి తీసుకుందాం, నేనూ రాసిస్తాను అన్నాను.

ఆయన పుక్కిలించి ఉమ్మి, కాసేపు ఆలోచించారు. మనసు మారుతోందనుకున్నాను.

"అడిగిందా?" అన్నారు. "మరీ మంచిది. దానికే తెలియకపోతే చెప్పాల్సింది మనమే కదయ్యా. మునసబు ఉన్నది మరెందుకు?"

ఇక లాభం లేదని ఏలూరు వెళ్ళి మా పాస్టరు గారి చేత ఒక కుర్ర వకీలుకి చెప్పించాను. కేసులు లేక ఖాళీగా ఉన్నాడు గనక ఆయన కథంతా విన్నాడు. ఫిల్ము సంగతి రాగానే కుర్చీలోంచి లేచి తలుపు దగ్గరగా వేసి, మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నాడు.

మేజిస్ట్రేటు గారి ముందు విచారణ జరిగింది. డాక్టరు నీళ్ళు మింగి చచ్చాడన్నాడు, ఒంటి మీద దెబ్బ లేదన్నాడు. నన్ను బోనెక్కించారు. ఏం చూసి సంతకం పెట్టారని వకీలు అడిగాడు. ఏమీ చూడలేదన్నాను. మరెందుకు పెట్టారంటే, మునసబు గారు పెట్టమన్నారండి అన్నాను. అంతకంటే సిగ్గుచేటు జవాబు ఆ బోనులో ఎవరూ చెప్పి ఉండరు. తర్వాత మునసబు గారు ఉతికిన కోటు తొడుక్కుని వచ్చి నిలబడ్డారు.

"ఆమె మీద మీకు అనుమానం ఎందుకొచ్చిందండి?" అన్నాడు వకీలు.

"చూపండి."

"ఎలాంటి చూపండి?"

"తల వంచుకుని ఉండి, చటుక్కున ఎత్తి చూసిందండి. మొగుణ్ణి చంపిన ఆడది అలాగే చూస్తుందండి."

"మొగుణ్ణి చంపిన ఆడదాన్ని తమరు ఇదివరకు చూశారా అండి?"

"చూశానండి."

"ఎక్కడండి?"

"ఈ ఊళ్ళోనేనండి."

"ఏ కేసులోనండి?"

మునసబు గారు నావైపు చూశారు. నేను చూపు తిప్పేసుకున్నాను. "కేసు కాదండి. ఫిల్ములోనండి," అన్నారు.

కోర్టంతా నవ్వింది. మేజిస్ట్రేటు గారు జేబురుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఎందుకు నవ్వుతున్నారో మునసబు గారికి అర్థం కాలేదు. వీళ్ళు ఆ ఫిల్ము చూడలేదు కాబోలనుకుని మొదటినుంచి చెప్పడం మొదలెట్టారు. కిటికీ, చెయ్యి, మందు చెంచా అన్నీ చెప్పారు. మేజిస్ట్రేటు గారు ఆపలేదు. మంచు కమ్మేదాకా విన్నారు. అప్పుడు వకీలే అందుకున్నాడు. "చివరికి ఆవిడే చంపిందని ఫిల్ములో చెప్పారా అండి?"

"చెప్పలేదండి," అన్నారు మునసబు గారు, రొమ్ము విరుచుకుని. "నేనే తేల్చానండి."

ఆ మధ్యాహ్నమే మరియమ్మని వదిలేశారు.

మునసబు గారు దానికి ఏమాత్రం కుంగలేదు. "వదిలెయ్యడం వేరు, తేలడం వేరు," అని అరుగు మీద అందరికీ చెప్పేవారు. మళ్ళీ ఆయన మరియమ్మని ఏమే అని పిలవలేదు. వీధిలో ఎదురైతే పక్కకి తప్పుకుని, "వెళ్ళండి మరియమ్మ గారూ" అనేవారు. ఆయన్ని చూసి ఊరంతా అదే పట్టుకుంది. గడ్డి కోసుకు బతికే ఆ మనిషిని గారు అంటుంటే, కొత్తగా లంకకి వచ్చినవాళ్ళు ఎంత మర్యాదగల ఊరో అనుకునేవారు. కూలికి పిలిచేవాళ్ళు మాత్రం తగ్గిపోయారు. చివరికి అత్తా కోడళ్ళిద్దరూ దోనె అమ్ముకుని దెందులూరు వైపు ఎక్కడో ఊడ్పులకి వెళ్ళిపోయారని విన్నాను. కోర్టులో తన పరువు తీశానని మునసబు గారు మా మిషను పైవాళ్ళకి ఉత్తరం రాస్తే, నన్ను తాడేపల్లిగూడెం బడికి మార్చారు. ఆ ఉత్తరం ఇంగ్లీషులో రాయించుకోవడానికి ఆయన నా దగ్గరికే వచ్చారు. రాసిచ్చాను.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఇంకొకటి ఉంది.

కోర్టు అయిన రోజు లంకకి వెళ్ళే పడవ ఒక్కటే. ముందు వైపు పలక మీద మునసబు గారు గొడుగు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో నేను. వెనక పడవ నడిపే సరంగు కాళ్ళ దగ్గర మరియమ్మ, ఆమె అత్త. ముసలిది కొంగులోంచి తేగలు తీసి విరిచి కోడలికి పెడుతోంది, తినమని గదమాయిస్తోంది. నాకూ ఒకటి ఇచ్చింది. "మా కోడల్ని తెచ్చారండి అయ్యగారూ," అంది. నాకు గుండె నిండిపోయింది. ఒక ప్రాణం నిలబెట్టానని, చేసిన తప్పు దిద్దుకున్నానని అనుకున్నాను. ఎండ వేడిగా ఉంది. నీళ్ళ మీద గూడబాతులు బారులు తీరి ఉన్నాయి. కిక్కిస దుబ్బుల మధ్యకి వచ్చాక, ఏసోబు దోనె తిరగబడింది ఆ చుట్టుపక్కలే అని సరంగు ఎవరినీ ఉద్దేశించకుండా అన్నాడు.

అప్పుడు నేను మరియమ్మ వైపు జరిగాను. గొంతు తగ్గించి, ఎంతో దయగా అడిగాను.

"ఇప్పుడు భయం లేదు కదా మరియమ్మా. కోర్టు అయిపోయింది. నాకొక్కడికే చెప్పు. జారిందా, వదిలేశావా?"

గట్టిగా అనలేదు. అయినా ముందు వైపు గొడుగు కదిలింది. మునసబు గారు మొత్తంగా ఇటు తిరిగి, పెద్ద చెవులు రిక్కించి, మెడ చాపి చూస్తున్నారు. నేనూ మెడ చాపే ఉన్నాను.

మరియమ్మ ఆయన్ని చూసింది, నన్ను చూసింది. చేతిలో తేగ పడవలో పెట్టేసింది. "పడవ ఒడ్డుకి పోనీ అన్నా," అంది సరంగుతో.

"ఇక్కడ ఒడ్డేముందమ్మా, అంతా ఊబి. ఊరు ఇంకా రెండు మైళ్ళుంది."

"పోనీ."

మోకాలి లోతు బురదలోకి ఇద్దరూ దిగారు. ముసలిది నావైపు ఒకసారి చూసింది. కోడలి భుజం పట్టుకుంది. గడ్డి చీల్చుకుంటూ మెల్లగా పోయారు. గడ్డి కదులుతున్నంతసేపూ ఎక్కడున్నారో తెలిసింది, తర్వాత తెలియలేదు.

పడవ తేలికై చురుగ్గా పోతోంది. ముందు వైపు మునసబు గారు పలక మీద కొంచెం పక్కకి జరిగి, గొడుగు ఎత్తి పట్టుకున్నారు.

"ఎండలో ఎందుకయ్యా అక్కడ?" అన్నారు. "ఇలా వచ్చి కూర్చో."

వెళ్ళి కూర్చున్నాను.